యువరాణిని పెళ్ళాడిన వకీలు గుమాస్తా

2021 అక్టోబర్ 26న జపాన్ యువరాణి మాకో పెళ్ళి జరిగింది. మన పేపర్లలో, యూట్యూబ్ ఛానళ్ళలో ఆ వార్త ఇంచుమించు ఒకేలా వచ్చింది: ప్రేమించినవాడి కోసం రాజభోగాలనూ కోట్ల రూపాయలనూ కాలదన్నిన యువరాణి అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ అందులో సగమే నిజం. డబ్బు వద్దని ఆమే చెప్పింది. హోదా సంగతి వేరు. దాన్ని ఆమె వదులుకోలేదు, చట్టమే తీసేసుకుంది. ఆ అబ్బాయిని కాకుండా ఏ పెద్ద డాక్టరునో, ఏ కంపెనీ యజమానినో చేసుకున్నా అదే జరిగేది.

1947 నాటి రాజవంశ చట్టంలో 12వ నిబంధన ఈ సంగతి చూస్తుంది. రాజకుటుంబంలో పుట్టిన ఆడపిల్ల చక్రవర్తినో, ఆ కుటుంబంలోని మరో మగవాడినో కాకుండా బయటి మనిషిని పెళ్ళి చేసుకుంటే ఆమె ఇక ఆ కుటుంబ సభ్యురాలు కాదు. మగపిల్లలకు ఈ బాధ లేదు. వాళ్ళు ఎవరిని చేసుకున్నా ఆ అమ్మాయే లోపలికి వస్తుంది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే 11 శాఖలకు చెందిన 51 మందిని రాజకుటుంబం నుంచి బయటికి పంపేశారు. కొత్త రాజ్యాంగం ప్రభువుల వర్గాన్నే రద్దు చేసింది. దాంతో యువరాణులకు వరసైన రాజకుమారుడంటూ దేశంలో ఎవరూ మిగల్లేదు. చేసుకుంటే మామూలు మనిషిని చేసుకోవాలి, లేదంటే పెళ్ళి మానుకోవాలి.

పేరున్న మనిషికీ ఉద్యోగం చేసుకుని బతికే మనిషికీ పెళ్ళి జరిగితే మిగతా దేశాల్లో అదో వింత వార్త. జపాన్ రాజకుటుంబంలో ఆడపిల్లల వరకూ అదే పద్ధతి. చక్రవర్తి హిరోహితో చిన్న కూతురు తకాకో 1960లో ఓ బ్యాంకు ఉద్యోగిని చేసుకుంది. 2005లో అప్పటి చక్రవర్తి అకిహితో కూతురు సయాకో టోక్యో నగర ప్రభుత్వ ఉద్యోగిని చేసుకుంది. 2018లో యువరాణి అయాకో ఓ ఓడల కంపెనీ ఉద్యోగిని చేసుకుంది. 2021లో మాకో వంతు వచ్చింది. చట్టం అదే, తంతూ దాదాపు అదే. మరి మొదటి మూడు పెళ్ళిళ్ళూ సాఫీగా జరిగిపోయి, నాలుగోది నాలుగేళ్ళ రభస ఎందుకైంది?

ముందు సయాకో పెళ్ళి చూద్దాం. ఆమె భర్త యోషికి కురోదా టోక్యో నగర ప్రభుత్వంలో పట్టణ ప్రణాళిక పని చూసేవాడు. అంతకుముందు కొన్నాళ్ళు బ్యాంకులో చేశాడు. సయాకో యమషినా పక్షిశాస్త్ర సంస్థలో పరిశోధకురాలు, ముఖ్యంగా లకుముకి పిట్టల మీద పని చేసింది. కురోదా ఆమె అన్న అకిషినోకు గకుషుయిన్ విద్యాసంస్థలో చదువుకున్న రోజుల నుంచీ స్నేహితుడు. అన్న ఇచ్చిన ఓ విందులోనే ఇద్దరూ చాలాకాలం తర్వాత మళ్ళీ కలిశారు. 2004 అక్టోబర్‌లో నిగతాలో భూకంపం వచ్చింది, డిసెంబర్‌లో రాజకుటుంబంలో ఓ పెద్దావిడ పోయింది. దాంతో నిశ్చయమైన సంగతి బయటపెట్టడం ఏడాది చివరిదాకా ఆగింది.

పెళ్ళికి ముందు సయాకో కారు నడపడం నేర్చుకుంటోందనీ, సూపర్ మార్కెట్‌కు వెళ్ళి సరుకులు కొనడం అలవాటు చేసుకుంటోందనీ వార్తలు తెగ వచ్చాయి. జనం వాటిని ముచ్చటపడి చదివారు. 36 ఏళ్ళ మనిషి మొదటిసారి కూరగాయల ధరలు చూస్తోందంటే ఎవరికైనా ముచ్చటే మరి. 2005 నవంబర్ 15న టోక్యోలోని ఇంపీరియల్ హోటల్లో పెళ్ళి జరిగింది. చక్రవర్తి దంపతులు స్వయంగా వచ్చారు. చట్టప్రకారం ప్రభుత్వం ఆమెకు 15 కోట్ల 25 లక్షల యెన్లు ఇచ్చింది. రాజకుటుంబం వదిలి వెళ్ళే మనిషి ఇకముందు కూడా హుందాగా బతకాలని ఇచ్చే సొమ్ము ఇది. సయాకో సంస్థలో ఉద్యోగం మానేసింది. కాపురం టోక్యోలోనే ఓ అపార్ట్‌మెంట్‌లో పెట్టారు. కురోదా పెళ్ళయ్యాక కూడా ఎప్పట్లాగే ఆఫీసుకు వెళ్ళాడు.

కాగితాల మీద జరిగే మార్పు ఇంకా విచిత్రం. జపాన్‌లో ప్రతి పౌరుడి పేరూ ఓ కుటుంబ పట్టికలో ఉంటుంది. పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ అందులోనే ఎక్కుతాయి. రాజకుటుంబం వాళ్ళు ఆ పట్టికలో ఉండరు, వాళ్ళకు వేరే వంశ పట్టిక ఉంటుంది. వాళ్ళకు ఇంటిపేరు లేదు, ఓటు లేదు. పెళ్ళయిన రోజున యువరాణి పేరును ఆ వంశ పట్టికలోంచి తీసేసి మామూలు పట్టికలో రాస్తారు. భర్త ఇంటిపేరు తగులుతుంది, ఓటు వస్తుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె పౌరురాలవుతుంది. ఇదంతా యువరాణి వైపు లెక్క. కురోదా వైపు నుంచి చూస్తే కాగితం మీద ఏమీ మారదు. అదే ఇంటిపేరు, అదే ఉద్యోగం, అదే జీతం. మారేది ఒక్కటే, నిన్నటిదాకా తనెవరో తెలియని దేశం ఇవాళ తన ముఖం గుర్తుపడుతుంది.

ఇక మాకో సంగతి. ఆమె చక్రవర్తి నరుహితోకు తమ్ముడి కూతురు, అంటే పైన చెప్పిన అకిషినోకు పెద్దమ్మాయి. 2012లో టోక్యోలోని ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీలో కెయి కొమురో పరిచయమయ్యాడు. తండ్రి లేడు, తల్లి పెంచింది. చదువుకునే రోజుల్లో ఫుజిసావా బీచ్ పర్యాటక ప్రచారానికి 'సముద్ర రాకుమారుడు'గా ఎంపికయ్యాడు. పెళ్ళి నాటికి అదే పేరు పట్టుకుని ఎగతాళి చేశారు. 2017 సెప్టెంబర్ 3న ఇద్దరూ టీవీ కెమెరాల ముందు కూర్చుని పెళ్ళి చేసుకోబోతున్నామని చెప్పారు. అప్పుడతను ఓ లా ఫర్మ్‌లో పారాలీగల్, మన కోర్టుల దగ్గర చెప్పుకోవాలంటే వకీలు గుమాస్తా. ఆ రోజు దేశమంతా సంబరపడింది. 2018 నవంబర్ 4న ముహూర్తం అన్నారు.

2017 చివరికే ఓ వారపత్రిక కొమురో తల్లి గురించి రాసింది. ఆమెను పెళ్ళి చేసుకుంటానని కొన్నాళ్ళు కలిసి నడిచిన ఒకాయన, తనిచ్చిన సుమారు 40 లక్షల యెన్లు తిరిగి రావాలంటున్నాడు. మన డబ్బులో పాతిక లక్షల పైచిలుకు. అందులో కొంత కొడుకు చదువుకు పోయింది. అది అప్పని ఆయనంటాడు, సాయంగా ఇచ్చిందని వీళ్ళంటారు. మన ఇళ్ళల్లో సంబంధం ఖాయం చేసుకునే ముందు మేనమామో బాబాయో వెళ్ళి అబ్బాయి వాళ్ళ బాకీల గురించి వాకబు చేసి వస్తాడు. ఇక్కడ ఆ పని పన్నెండున్నర కోట్ల మంది మీదేసుకున్నారు. 2018 ఫిబ్రవరిలో పెళ్ళి వాయిదా పడింది. ఆ ఆగస్టులో కొమురో న్యూయార్క్‌లోని ఫోర్డమ్ యూనివర్సిటీలో లా చదవడానికి వెళ్ళిపోయాడు.

ఫోర్డమ్ తన ప్రకటనలో అతన్ని యువరాణికి కాబోయే భర్తగా పరిచయం చేసింది. నిశ్చితార్థం తంతు ఇంకా జరగలేదు గనుక అలా రాయకూడదని రాజభవన వ్యవహారాల సంస్థ ఆ యూనివర్సిటీకి చెప్పింది. చూడ్డానికి చిన్న సవరణే. కానీ కొమురో పరిస్థితి మొత్తం అందులో ఉంది. తిట్టాలంటే అతను యువరాణికి కాబోయే మొగుడు, వెనకేసుకు రావాలంటే ఎవరో బయటి కుర్రాడు.

పేరున్న మనుషుల చుట్టూ ఎప్పుడూ ఓ కాపలా ఉంటుంది. అది పోలీసు కాపలా గురించి కాదు. పోలీసులు కొమురో ఇంటి ముందూ ఉన్నారు, ఆ ఖర్చు మా పన్నుల్లోంచే కదా అని దాని మీద మళ్ళీ ఓ గొడవ. పేరున్న మనిషికి అసలు అండ తన తరఫున మాట్లాడే యంత్రాంగం. సినిమా నటుడికి ఏజెన్సీ ఉంటుంది, ఆటగాడికి మేనేజరూ జట్టూ ఉంటాయి, యువరాణికి ఓ ప్రభుత్వ సంస్థే ఉంటుంది. ఏ ప్రశ్నకు జవాబివ్వాలో, దేనికి ఊరుకోవాలో, ఏ విలేకరిని లోపలికి రానివ్వాలో వాళ్ళు చూసుకుంటారు. మామూలు మనిషి పెళ్ళితో ఆ పేరులో భాగం పంచుకుంటాడు. ఆ యంత్రాంగంలో భాగం మాత్రం అతనికి దక్కదు. ఇలాంటి పెళ్ళిళ్ళలో ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. అంతస్తుల తేడా, ఆస్తుల తేడా గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయరు.

జపాన్ మీడియా పనితీరు కూడా దీనికి తోడైంది. రాజభవనానికి అనుబంధంగా పెద్ద పేపర్లు, టీవీల విలేకరుల క్లబ్బు ఒకటుంది. అందులో ఉన్నవాళ్ళు కొన్ని హద్దులు పాటిస్తారు, లేదంటే రేపు లోపలికి రానివ్వరు. వారపత్రికలకు అందులో చోటు లేదు కాబట్టి ఆ భయమూ లేదు. చక్రవర్తి కుటుంబం గురించి గుచ్చి రాయడానికి వాళ్ళు కూడా కాస్త తటపటాయిస్తారు. కానీ యువరాణి చేసుకోబోయే వాడి తల్లి గురించి రాయడానికి వెనకాడాల్సిన పనేముంది? ఆమె తరఫున ఖండించే అధికారి లేడు. యువరాణి మీద చూపలేని కోపమంతా అటు తిరిగింది.

2018 నవంబర్‌లో తండ్రి అకిషినో తన పుట్టినరోజు సమావేశంలో, జనం చాలామంది ఒప్పుకుని సంతోషించే పరిస్థితి లేకపోతే నిశ్చితార్థం జరపలేమని చెప్పాడు. 2020 నవంబర్‌లో అదే ఆయన, పెళ్ళికి ఇద్దరి ఇష్టం చాలని రాజ్యాంగమే చెబుతోంది కాబట్టి తాను ఒప్పుకుంటున్నానన్నాడు. అది 24వ నిబంధన. రాజ్యాంగం చదివి కూతురి పెళ్ళికి ఊఁ అనాల్సి వచ్చిన తండ్రి పరిస్థితి కూడా ఆలోచించదగ్గదే. మధ్యలో జనానికి సమాధానం చెప్పుకోవాల్సిన బాధ్యత అబ్బాయి మీద పడింది. రాజభవన అధికారులే విలేకరుల ముందు అతను వివరణ ఇవ్వాలన్నారు. 2021 ఏప్రిల్‌లో కొమురో 28 పేజీల వివరణ విడుదల చేశాడు, ఫుట్‌నోట్లతో సహా. లా చదివే కుర్రాడు కోర్టులో వేసే కాగితంలా రాశాడు. జనం అడిగింది న్యాయశాస్త్రం కాదు, క్షమాపణ. పక్కన ఓ మంచి పీఆర్ మనిషి ఉండి ఉంటే ఆ కాగితం ఒక్క పేజీ దాటేది కాదు. నాలుగు రోజులు తిరక్కుండానే డబ్బిచ్చి వివాదం ముగిస్తామని లాయరుతో చెప్పించాల్సి వచ్చింది.

సెప్టెంబర్‌లో అతను మూడేళ్ళ తర్వాత నరితా విమానాశ్రయంలో దిగినప్పుడు జుట్టు పెంచి వెనక పిలక కట్టుకుని ఉన్నాడు. టీవీలు ఆ పిలకను ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి చూపించాయి. యువరాణి ఇంటికి వచ్చేవాడు అలాగేనా రావడం అని చర్చలు పెట్టాయి. అత్తమామల దగ్గరికి వెళ్ళే రోజుకి అతను జుట్టు కత్తిరించుకున్నాడు, అది కూడా వార్తే అయింది. అక్టోబర్ 1న మాకోకు దీర్ఘకాలం పడిన మానసిక వేదన వల్ల సంక్లిష్ట పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మత వచ్చిందని రాజభవన సంస్థ ప్రకటించింది. గమనించండి, కొమురోకు గానీ అతని తల్లికి గానీ ఏమైందో చెప్పడానికి అలాంటి సంస్థ ఏదీ లేదు.

పెళ్ళి రోజున ఊరేగింపు లేదు, విందు లేదు. కాగితాలు దాఖలు చేశారు, అంతే. ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము 14 కోట్ల యెన్ల దాకా ఉంటుందని అంచనా, అది తీసుకోలేదు. హోటల్లో విలేకరులతో సమావేశం పెట్టారు. ప్రశ్నలకు నోటితో జవాబిస్తామని ముందు చెప్పి, ఆ ప్రశ్నల టెన్షన్ తట్టుకోలేనని మాకో అనడంతో చివరి నిమిషంలో రాతపూర్వకం చేశారు. ఆమె అక్కడ చెప్పినదాంట్లో నాకు ముఖ్యంగా తోచింది ఒకటుంది: అతను తనంతట తాను చేశాడని జనం తిట్టిన పనుల్లో కొన్ని తాను చేయమన్నవే. విదేశంలో చదువు ముందుకు జరపమన్నది తనేనని ఆమె అంది. నాలుగేళ్ళు ఒకరి మీద పడిన నిందను ఇంకొకరు పదినిమిషాల్లో పంచుకున్నారు, అదీ యువరాణి పదవి పోయిన రోజున.

మూడు రోజులకు న్యూయార్క్ బార్ పరీక్ష ఫలితాలొచ్చాయి. అందులో అతని పేరు లేదు. వేలమంది రాసే పరీక్ష తప్పడం ఎవరికైనా బాధే, కానీ ఆ బాధ మొదటి పేజీలో అచ్చు కావడం అందరికీ జరగదు. నవంబర్‌లో ఇద్దరూ న్యూయార్క్ వెళ్ళిపోయారు. రెండోసారీ తప్పాడు. 2022 అక్టోబర్‌లో మూడో ప్రయత్నం ఫలితమొచ్చింది, పాసయ్యాడు. లాయరుగా పని చేస్తున్నాడు. వాళ్ళకు బిడ్డ పుట్టిందని 2025 మే నెలలో రాజభవన సంస్థే చెప్పింది.

కురోదాకు ఏ పూర్వపుణ్యం ఉండి ఇవన్నీ తప్పాయి? సమాధానం మనుషుల మంచిచెడ్డల్లో లేదు. అతను యువరాణి అన్నకు చిన్ననాటి స్నేహితుడు, కాబట్టి రాజభవనం దృష్టిలో ముందే ఇంటి మనిషి. నగర ప్రభుత్వంలో పని చేస్తున్నాడు, కాబట్టి రోజూ వెళ్ళి కూర్చునే ఆఫీసే అతనికి ఓ గోడ. అయాకోను చేసుకున్న కెయి మోరియా సంగతీ అంతే. అతని తల్లీ అయాకో తల్లీ స్వచ్ఛంద సేవలో స్నేహితులు, సంబంధం కుదిర్చింది అయాకో తల్లే. పైగా అయాకో సింహాసనానికి దూరపు శాఖ, జనం చూపు అంతగా ఉండదు. ఇద్దరూ లోపలివాళ్ళు చేయి పట్టుకుని తీసుకొచ్చిన మామూలు మనుషులు. కొమురో క్లాస్‌రూమ్ నుంచి నేరుగా వచ్చాడు. 2005లో ట్విట్టర్ లేదన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

రాజభవనం బయట, సినిమా ఆటల లోకంలో జపాన్ ఇంకో పద్ధతి పెట్టుకుంది. నటుడో గాయకుడో పెళ్ళి చేసుకుంటే ఏజెన్సీ పత్రికలకు ఓ ప్రకటన పంపుతుంది: భాగస్వామి మామూలు పౌరురాలు, దయచేసి పేరు రాయకండి, ఇంటి దగ్గరికి వెళ్ళకండి అని. చాలావరకు పాటిస్తారు కూడా, ఎందుకంటే రేపు ఆ ఏజెన్సీ నటులు తమ కార్యక్రమాలకు రావాలి. మన సినిమా పేజీలకు ఊహకైనా అందని మర్యాద ఇది. అయితే ఆ మర్యాద ఏజెన్సీ బలం ఉన్నంతవరకే, మనిషి పేరు ఓ హద్దు దాటనంతవరకే.

ఫిగర్ స్కేటింగ్‌లో 2014లో, 2018లో ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన యుజురు హన్యూ 2023 ఆగస్టు 4న పెళ్ళయిందని ప్రకటించాడు, భార్య పేరు చెప్పలేదు. కొన్ని వారాలకు ఓ స్థానిక పత్రిక ఆ పేరు రాసేసింది. నవంబర్ 17న విడాకుల ప్రకటన వచ్చింది. మధ్యలో ఉన్నది మూడున్నర నెలలే. తన భార్యను, రెండు వైపుల కుటుంబాలను, బంధువులను వెంటాడటం, చెప్పకుండా వచ్చి ఆరా తీయడం, దూషించడం ఆగలేదనీ, ఆమె ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేని స్థితిలో బతికిందనీ అతను రాశాడు. ఆమెను ఇలా కాపాడుతూ పోవడం తనవల్ల కావడం లేదనీ, ఏ అడ్డూ లేకుండా ఆమె సంతోషంగా ఉండాలనే విడిపోతున్నాననీ రాశాడు. హన్యూకు చిన్నప్పటి నుంచీ కెమెరాల అలవాటుంది. ఆ అలవాటు ఎవరూ ఎవరికీ మూడు నెలల్లో నేర్పలేరు.

బేస్‌బాల్ ఆటగాడు షోహెయి ఒహ్తానీ ఇంకోలా చేశాడు. 2024 ఫిబ్రవరి 29న పెళ్ళి సంగతి తనే చెప్పాడు, భార్య మామూలు జపాన్ అమ్మాయి అని ఊరుకున్నాడు. చెప్పకపోతే మీరు గోల చేస్తారు కదా అని విలేకరులతో నవ్వుతూ అన్నాడు కూడా. రెండు వారాలు ఊహాగానాలు సాగనిచ్చి, సియోల్ విమానం ఎక్కే ముందు ఇద్దరి ఫొటో తనే పెట్టాడు. ఆమె ఒకప్పటి బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, గుంపుల ముందు నిలబడటం కొత్త కాదు. వెనక ఓ పెద్ద క్లబ్బు ఉంది. అయినా అదే ఏడాది వాళ్ళ కొత్త ఇంటిని జపాన్ టీవీలు పైనుంచి తీసి చూపించాయి, ఓ టీవీ సంస్థ అధిపతి తర్వాత క్షమాపణ చెప్పాడు.

ఇప్పటిదాకా చెప్పింది కాపలా దక్కని వాళ్ళ కథ. దక్కినవాళ్ళ కథ కూడా ఉంది, అది ఆడవాళ్ళది. ఇప్పటి మహారాణి మసాకో పెళ్ళికి ముందు విదేశాంగ శాఖలో దౌత్యవేత్త, హార్వర్డ్‌లో చదివింది. 1993 జూన్‌లో అప్పటి యువరాజు నరుహితోను చేసుకుని లోపలికి వెళ్ళింది. యంత్రాంగమంతా ఆమెకు దక్కింది, ఉద్యోగం మాత్రం పోయింది. మగపిల్లవాడు కావాలన్న ఒత్తిడి మధ్య 2001లో కూతురు ఐకో పుట్టింది. 2004లో మసాకోకు సర్దుబాటు రుగ్మత అనే మానసిక సమస్య ఉందని ప్రకటించారు. ఆమె అత్తగారు మిచికో 1959లో పిండిమిల్లుల కంపెనీ అధ్యక్షుడి కూతురిగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. 1993లో పత్రికల విమర్శల తర్వాత కొన్ని నెలలు మాట పడిపోయింది. లోపలికి వెళ్ళిన ఆడమనిషికి కాపలా ఉంది, తనదంటూ పని లేదు. యువరాణిని చేసుకున్న మగవాడికి పని ఉంది, కాపలా లేదు.

ఈ లెక్క ఇప్పుడు చట్టం ముందుకే వచ్చింది. రాజకుటుంబంలో మనుషులు తగ్గిపోతున్నారు, విధులు నిర్వర్తించడానికి చాలడం లేదు. అందుకని పెళ్ళయ్యాక కూడా యువరాణులను కుటుంబంలోనే ఉండనివ్వాలని 2021 డిసెంబర్‌లో ప్రభుత్వ నిపుణుల బృందం సూచించింది. ఐకో 2024 ఏప్రిల్ నుంచి జపాన్ రెడ్‌క్రాస్‌లో ఉద్యోగం చేస్తోంది. మాకో చెల్లెలు కకోకు కూడా ఇంకా పెళ్ళి కాలేదు. చట్టం మారితే ముందు వర్తించేది వాళ్ళకే. పార్టీల మధ్య పేచీ యువరాణి దగ్గర లేదు, మొగుడి దగ్గరే ఉంది. అతన్నీ పిల్లల్నీ రాజకుటుంబంలోకి తీసుకోవాలా, సామాన్యులుగానే ఉంచాలా? ఉంచితే ఒకే ఇంట్లో భార్య వంశ పట్టికలో, భర్త మామూలు పట్టికలో ఉంటారు. ఆమెకు ఓటు లేదు, అతనికి ఉంది. అతను ఎన్నికల్లో నిలబడొచ్చా, వ్యాపారం పెట్టొచ్చా, భార్య పేరు తన కంపెనీకి వాడుకుంటే ఎవరాపుతారు? అతని తల్లి బాకీ గురించి ఓ వారపత్రిక రాస్తే జవాబు రాజభవనం చెబుతుందా, అతనే మళ్ళీ 28 పేజీలు రాసుకోవాలా? తీసుకుంటే ఇన్నాళ్ళూ మసాకోకు జరిగింది ఈసారి ఓ మగవాడికి జరుగుతుంది. సంప్రదాయవాదులు ఒప్పుకోనిది అలా లోపలికి తీసుకోవడాన్నే. బయటి మగవాడు రాజకుటుంబంలోకి రావడమంటే, రేపు అతని కొడుకు సింహాసనం దగ్గరికి రావడానికి తలుపు తీసినట్టేనని వాళ్ళ వాదన.